పుటంతా చదివితే తెలిసే మరణాలు

(పాడ్‌కాస్ట్ పూర్తి పాఠం. మాట్లాడుతున్నవారు: అక్క, తమ్ముడు)

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈ వారం మా సంభాషణకు కారణం ఒక శ్రోత రాసిన ఉత్తరం. ఆమె తన వంశవృక్షం కట్టుకుంటూ వచ్చి 1918 దగ్గర ఆగిపోయారు. ఉత్తరంలో ఇలా ఉంది: "మా ముత్తాత తమ్ముడు, ఆయన భార్య, వాళ్ళ రెండేళ్ళ కూతురు, ముగ్గురూ 1918లోనే పోయారు. ఆ ఏడాది ప్రపంచమంతా ఇన్‌ఫ్లుయెంజా ఉంది కదా. ముగ్గురి పేర్ల పక్కనా అదే కారణం రాసుకోవచ్చా?" అక్కా, నువ్వు ఏళ్ళ తరబడి పాత జనన మరణ రిజిస్టర్లు చదువుతున్నావు. ఏమంటావు?

అక్క: ఇప్పుడే రాయవద్దు అంటాను. ఆమె తేదీలు కూడా పంపారు కదా, వాటి దగ్గరికి చివర్లో వస్తాను. ముందు నాలుగున్నర శతాబ్దాల కిందటి పుట ఒకటి చూడాలి. దాని గురించి చెప్పకుండా ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వలేను.

తమ్ముడు: చెప్పు.

అక్క: ఇంగ్లండ్‌లోని స్ట్రాట్‌ఫర్డ్ అపాన్ ఏవన్ చర్చి రిజిస్టరు. 1564 ఏప్రిల్ 26న ఒక పసివాడికి బాప్తిస్మం ఇచ్చినట్టు అందులో ఉంది. ఆ పసివాడు షేక్‌స్పియర్. మూడు నెలలు నిండకముందే, జూలై 11న, ఖననాల పట్టికలో ఆలివర్ గన్ అనే పేరు కనిపిస్తుంది. పని నేర్చుకోవడానికి ఒకరి దగ్గర చేరిన కుర్రవాడు. ఆ పేరు పక్కన లాటిన్‌లో మూడే మూడు మాటలు. "హిక్ ఇంకెపిట్ పెస్టిస్." ఇక్కడ ప్లేగు మొదలైంది.

తమ్ముడు: అంటే ఆ కుర్రవాడు ఆ పట్టణంలో ఆ ఏడాది ప్లేగుకు బలైన మొదటివాడు.

అక్క: రిజిస్టరు రాసినవారి లెక్కలో మొదటివాడు. ఇప్పుడు ఆలోచించు. అదే ఏడాది సెప్టెంబరులో అక్కడ పోయిన ఒకరి వంశంలో నువ్వు పుట్టావనుకో. కంప్యూటర్‌లో ఆ పేరు వెతుకుతావు. నీకు ఒక వరుస దొరుకుతుంది. పేరు, తేదీ, అంతే. ఆ వరుసను ఎన్నిసార్లు చదివినా ప్లేగు కనిపించదు. అసలు పుట తెరిచి, వెనక్కి తిప్పుకుంటూ జూలై దాకా వెళితేనే ఆ మూడు మాటలు కనిపిస్తాయి. నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా ఇదే. మన మనిషి వరుసలో కారణం దొరక్కపోతే, పక్కవాళ్ళ వరుసలు చదవాలి.

తమ్ముడు: ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటు లాంటి చోట ఉచితంగానే చాలా దేశాల రిజిస్టర్ల చిత్రాలు ఉన్నాయి కదా. కానీ మనమందరం పేరు కొట్టి, దొరికిన ముక్క రాసుకుని బయటికి వచ్చేస్తాం.

అక్క: ఆ ముక్క సూచిక మాత్రమే. ఎవరో ఒకరు పుట చూసి ఎక్కించినది. ఎక్కించేటప్పుడు పేరు, తేదీ ఎక్కుతాయి. పక్కన రాసిన మాట, మధ్యలో గీసిన గీత, హఠాత్తుగా మారిన చేతిరాత ఎక్కవు. ఇంకో సంగతి కూడా ఉంది. ఇంగ్లండ్‌లో ఈ రిజిస్టర్లు 1538లో మొదలయ్యాయి. కానీ తొలినాటివి చాలావరకు 1598 తర్వాత పాత కాగితాల నుంచి తోలు కాగితం మీదికి ఎత్తిరాసిన ప్రతులు. ఎత్తిరాసేవారు విసుగుపడి పక్కమాటలు వదిలేసి ఉంటే, ఆ పుటలో ఆ కబురు పోయినట్టే. స్ట్రాట్‌ఫర్డ్‌లో ఆ మూడు మాటలు మిగలడం మన అదృష్టం.

తమ్ముడు: అలాంటి మాట ఏదీ మిగలని చోట ఏం చేయాలి?

అక్క: లెక్కపెట్టాలి. విసుగు పుట్టించే పనే, కానీ నాకు దీని మీదే ఎక్కువ నమ్మకం. మన మనిషి పోయిన ఏడాదికి ముందు పదేళ్ళు తీసుకుని, ఏడాదికి ఎంతమందిని పూడ్చారో లెక్కించు. సగటున ఇరవై మంది అనుకుందాం. మన ఏడాదిలో తొంభై మంది ఉన్నారంటే అక్కడ ఏదో జరిగింది. ఆ తొంభై మందిని నెలలవారీగా విడదీయి. జనాభా చరిత్రకారులు పెద్ద ఎత్తున చేసే పని కూడా ఇదే. ఒక కాగితం, ఒక పెన్సిలు ఉంటే ఇంట్లో కూర్చుని ఎవరైనా చేయవచ్చు.

తమ్ముడు: నెలలు ఎందుకు అంత ముఖ్యం?

అక్క: ఒక్కో జబ్బుకు ఒక్కో నడక ఉంటుంది. యూరప్‌లో ప్లేగు ఎండాకాలం చివర్లో పెరిగి, చలి ముదిరేసరికి తగ్గేది. టైఫస్ పేల వల్ల వ్యాపించే జబ్బు. అందుకే జనం ఒకచోట ఇరుక్కుని, బట్టలు మార్చుకోలేక బతికే చోట, అంటే చలికాలంలో, జైళ్ళలో, ఓడల్లో, సైన్యాల్లో కనిపిస్తుంది. వయసు కూడా చూడాలి. మశూచి తరచూ వచ్చిపోయే పట్టణాల్లో ఎక్కువగా పిల్లలే పోతారు, ఎందుకంటే పెద్దవాళ్ళు దాన్ని చిన్నప్పుడే దాటి వచ్చి ఉంటారు. అదే మశూచి చాలా ఏళ్ళుగా రాని చోటికి వస్తే పెద్దవాళ్ళనూ వదలదు. ఐస్‌లాండ్‌లో 1703లో దేశమంతటా పేరుపేరునా జనాభా లెక్క రాశారు. నాలుగేళ్ళ తర్వాత, 1707లో, మశూచి వచ్చింది. సుమారు యాభై వేలమందిలో దాదాపు నాలుగోవంతు పోయారు. ఐస్‌లాండ్ మూలాలున్నవారికి ఆ 1703 జాబితాలో కనిపించి, ఆ తర్వాత ఏ కాగితంలోనూ కనిపించని పేరు తగిలితే, మొదట అనుమానించాల్సింది ఆ మశూచినే.

తమ్ముడు: అనుమానించాలి అంటున్నావు, రాసుకోవాలి అనడం లేదు.

అక్క: అవును. ఆ రెండు మాటలకు మధ్య ఉన్న దూరమే నా వాదన అంతా.

తమ్ముడు: మరి రాజధాని నగరాల్లో వారం వారం మరణాల పట్టికలు అచ్చువేసేవారు కదా. లండన్‌లో ఉండేవి. అవి చాలవా?

అక్క: లండన్ మరణ పట్టికలు గొప్ప వస్తువులే. వాటిని ముందేసుకునే జాన్ గ్రాంట్ 1662లో జనాభా శాస్త్రానికి పునాది వేశాడు. కానీ వాటిలో పేర్లు ఉండవు. ఈ వారం ఫలానా చర్చి పరిధిలో ఇంతమంది, ఈ కారణంతో ఇంతమంది, అంతే. ఆ కారణాలు తేల్చినది వైద్యులు కూడా కాదు. శవాన్ని చూసి కారణం చెప్పే పని చర్చి పరిధిలోని ముసలి స్త్రీలకు అప్పగించేవారు. చాలామంది పేదలు, ఆ నాలుగు డబ్బుల కోసం చావు ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు. పసిపిల్లలు పోతే "పళ్ళు" అని ఒక కారణం ఉండేది, పళ్ళు వచ్చే వయసులో పోయారని. ప్లేగు అని చెబితే ఆ ఇంటికి తాళం వేసి లోపలివాళ్ళను నలభై రోజులు బంధించేవారు. అందుకని ఇంటివాళ్ళు ఆ స్త్రీ చేతిలో ఏదో పెట్టి, వేరే జ్వరం అని చెప్పించుకునేవారు.

తమ్ముడు: వాళ్ళను తప్పుపట్టలేం.

అక్క: నేనైతే అస్సలు పట్టను. లోపల ఇంకా బతికి ఉన్న పిల్లలు ఉంటారు కదా. పట్టికలు తక్కువ చేసి చెప్పాయని ఆ రోజుల్లోనే అందరికీ తెలుసు. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగి శామ్యూల్ పెపీస్ తన దినచర్య పుస్తకంలో 1665 ఆగస్టు చివర రాసుకున్నాడు. వీధిలో తన చర్చి గుమాస్తా ఎదురుపడ్డాడు. ప్లేగు ఎలా ఉందని అడిగితే, ఈ వారం మన పరిధిలో తొమ్మిదిమంది పోయారు, నేను ఆరుగురినే చూపించాను అన్నాడట. ఆ ఏడాది లండన్ పట్టికల్లో ప్లేగు కింద చూపిన మొత్తం 68,596. అసలు సంఖ్య అంతకంటే ఎక్కువని చరిత్రకారులందరూ అంటారు. ఆ గుమాస్తా వదిలేసిన ముగ్గురూ ఎవరికో ఒకరికి పూర్వీకులు. పట్టికలో వాళ్ళు ప్లేగు మరణాలుగా లేరు. చర్చి రిజిస్టరులో పేరు మాత్రం ఉండవచ్చు, కారణం లేకుండా. అందుకే నెలలవారీ లెక్క చూడమంటున్నాను.

తమ్ముడు: ఉండవచ్చు అన్నావు. రిజిస్టరులో కూడా ఉండకపోయే అవకాశం ఉందా?

అక్క: ఉంది. ఆ పట్టికలు ఇంగ్లండ్ అధికారిక చర్చి అయిన ఆంగ్లికన్ చర్చి ఖననాల లెక్కలు. క్వేకర్లు అనే వేరే క్రైస్తవ శాఖవారు, యూదులు తమవాళ్ళను తమ శ్మశానాల్లో పూడ్చుకునేవారు. వాళ్ళ పుస్తకాలు వేరు. అసలు శ్మశానానికే వెళ్ళనివాళ్ళూ ఉన్నారు. డెర్బీషైర్‌లో ఈమ్ అనే పల్లె ఉంది.

తమ్ముడు: తమంతట తామే కట్టడి వేసుకున్న ఊరు.

అక్క: అదే. 1665 సెప్టెంబరులో లండన్ నుంచి ఒక దర్జీ ఇంటికి బట్ట వచ్చింది. దాన్ని విప్పి ఆరబెట్టిన జార్జ్ వికర్స్ మొదట పోయాడు. మరుసటి ఎండాకాలానికి చావులు విపరీతమయ్యాయి. చర్చి పెద్ద విలియం మాంపెసన్ మాట మీద ఊరివాళ్ళు సరిహద్దు దాటకూడదని నిర్ణయించుకున్నారు. పద్నాలుగు నెలల్లో సుమారు 260 మంది పోయారు. మాంపెసన్ భార్య కూడా ఆ ఆగస్టులోనే పోయింది. అక్కడ పెట్టుకున్న నియమాల్లో ఒకటి, ఎవరి ఇంటి శవాన్ని వాళ్ళే, ఇంటి దగ్గరే, తోటలోనో పొలంలోనో పూడ్చాలి. ఎలిజబెత్ హాన్‌కాక్ అనే స్త్రీ 1666 ఆగస్టులో ఎనిమిది రోజుల్లో భర్తను, ఆరుగురు పిల్లలను పూడ్చింది. తన చేతులతోనే. ఆ సమాధులు ఇప్పటికీ కొండవాలు మీద పొలంలో ఉన్నాయి. చుట్టూ గుండ్రంగా చిన్న రాతి గోడ కట్టారు.

తమ్ముడు: ఏడుగురిని.

అక్క: ఏడుగురిని. ఆమెకు ప్లేగు సోకలేదు. చర్చి ఆవరణలో సమాధి రాయి లేదంటే ఆ మనిషి అక్కడ పోలేదనుకుంటారు చాలామంది. మహమ్మారి రోజుల్లో ఆ తర్కం పనిచేయదు. కలరా వచ్చినప్పుడు కూడా ఎన్నో నగరాల్లో ఊరి బయట విడిగా నేల కేటాయించి అక్కడ పూడ్చారు. సమాధి దొరకకపోవడం కూడా ఒక ఆధారమే కావచ్చు.

తమ్ముడు: కారణం స్పష్టంగా రాసిన రిజిస్టర్లు దొరికే నగరాలు ఏమైనా ఉన్నాయా? అంత పాత కాలంలో?

అక్క: ఇటలీ ఈ విషయంలో అందరికంటే ముందుంది. మిలాన్‌లో 1452 నుంచి మరణాల పుస్తకాలు ఉన్నాయి. పేరు, వయసు, ఎన్నాళ్ళ జబ్బు, కారణం ఏమిటి, చెప్పిన వైద్యుడు ఎవరు, అన్నీ రాసేవారు. ప్లేగును ముందే పసిగట్టడం కోసం నగరపు ఆరోగ్య శాఖ రాయించిన పుస్తకాలు అవి. అయినా కారణం రాసి ఉంటే పని అయిపోయిందనుకోకు. వెనిస్‌లో చిత్రకారుడు టిషన్ సంగతి చూడు. 1576 ఆగస్టు 27న పోయాడు. నగరమంతా ప్లేగు. చర్చి మరణాల పుస్తకంలో కారణం "జ్వరం" అని, వయసు నూటమూడు అని ఉంది.

తమ్ముడు: నూటమూడా?

అక్క: ఆ వయసును ఇప్పటి చరిత్రకారులు ఎవరూ నమ్మరు. ఎనభై దాటి ఉంటాడు, తొంభైకి దగ్గర పడి ఉండవచ్చు. ఇక జ్వరం అంటే ఏ జ్వరం? ప్లేగు శవాలను చర్చిల్లో పూడ్చనివ్వని రోజులు అవి. ఆయనను మాత్రం ఫ్రారీ చర్చిలో పూడ్చారు. కాబట్టి ప్లేగు కాదని కొందరు అంటారు. అంత పెద్దమనిషి కాబట్టి మినహాయింపు ఇచ్చి ఉంటారని ఇంకొందరు అంటారు. కొద్దికాలానికే కొడుకు ఒరాజియో ప్లేగుతో పోయాడు. ప్రపంచమంతా ఎరిగిన మనిషి విషయంలోనే ఇంత సందేహం మిగిలితే, మన వంశంలో ఒక పేరు పక్కన "జ్వరం" అని ఉన్నప్పుడు మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి!

తమ్ముడు: పాత జబ్బుల పేర్లు కూడా తప్పుదారి పట్టిస్తాయి కదా. నువ్వొకసారి కలరా గురించి చెప్పావు.

అక్క: అది తప్పకుండా చెప్పాలి. బెంగాల్ నుంచి 1817లో బయలుదేరిన కలరా 1831లో ఇంగ్లండ్‌కు, 1832లో ఉత్తర అమెరికాకు చేరింది. కానీ అంతకు ముందు కూడా ఆ దేశాల కాగితాల్లో కలరా అనే మాట ఉంది. ఎండాకాలంలో వచ్చే మామూలు వాంతులు, విరేచనాలను కూడా ఆ పేరుతోనే పిలిచేవారు. 1820లో ఇంగ్లండ్‌లో పోయిన మనిషి పక్కన కలరా అని ఉంటే, అది మహమ్మారి కలరా కాదు. అలాగే టైఫస్, టైఫాయిడ్ వేర్వేరు జబ్బులని 1850 ప్రాంతంలో గానీ స్థిరపడలేదు. అంతకు ముందు కాగితంలో టైఫస్ అని చదివితే ఏదైనా కావచ్చు. "డ్రాప్సీ" అని ఉంటే ఒళ్ళు నీరు పట్టిందని అర్థం, అంతవరకే. గుండెదో మూత్రపిండాలదో తెలియదు.

తమ్ముడు: 1837లో ఇంగ్లండ్‌లో ప్రభుత్వమే మరణాలు నమోదు చేయడం మొదలుపెట్టాక ఈ కష్టం తగ్గింది కదా?

అక్క: చాలా తగ్గింది. ఆ నమోదు ఎంత పనికొచ్చిందో తెలియాలంటే 1854 సెప్టెంబరులో జాన్ స్నో చేసిన పని చూడాలి. అందరూ ఆయనను వైద్యుడిగా చెబుతారు. నాకు మాత్రం ఆయన వంశచరిత్ర వెతికేవారందరికీ గురువులా కనిపిస్తాడు. లండన్‌లో బ్రాడ్ స్ట్రీట్ చుట్టూ కలరా పడింది. ఆయన రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయానికి వెళ్ళి, ఆ వారం మరణాల జాబితా తెచ్చుకున్నాడు. జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఈ ఇంట్లో పోయినవారు ఏ నీళ్ళు తాగేవారు అని అడిగాడు. దాదాపు అందరూ ఒకే బోరింగు పంపు చుట్టుపక్కలవాళ్ళు. కానీ ఒక మరణం మాత్రం ఎక్కడో హ్యాంప్‌స్టెడ్‌లో ఉంది. ఒక వితంతువు. బ్రాడ్ స్ట్రీట్ వైపు నెలల తరబడి రాలేదు.

తమ్ముడు: మరి ఆమెకు ఎలా సోకింది?

అక్క: ఆమె ఒకప్పుడు బ్రాడ్ స్ట్రీట్‌లోనే ఉండేది. ఆ పంపు నీళ్ళ రుచి ఆమెకు ఇష్టం. అందుకని కొడుకులు రోజూ ఒక సీసా నిండా ఆ నీళ్ళు బండి మీద పంపించేవారు. ప్రేమతో పంపిన నీళ్ళు. ఆ వారం చూడటానికి వచ్చిన మేనకోడలు కూడా ఆ నీళ్ళు తాగి ఇస్లింగ్టన్‌కు తిరిగి వెళ్ళి, అక్కడ కలరాతో చనిపోయింది. స్నో వెళ్ళి అడగకపోతే, రిజిస్టరులో అవి రెండు వేర్వేరు చోట్ల జరిగిన, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మరణాలు. అందుకే చెబుతున్నాను, ఎక్కడ పోయారో చూడటంతో ఆగకూడదు. ఆ నెలలో వాళ్ళ దగ్గరికి ఎవరు వచ్చారు, వీళ్ళు ఎవరి దగ్గరికి వెళ్ళారు, ఇంటికి ఏం వచ్చింది అని అడగాలి. ఉత్తరాలు మిగిలి ఉంటే వాటిలో దొరుకుతుంది.

తమ్ముడు: ఆ కొడుకుల గురించే ఆలోచిస్తున్నాను అక్కా.

అక్క: నేనూ ప్రతిసారీ అక్కడే ఆగుతాను.

తమ్ముడు: మరణ నమోదు దొరకనప్పుడు బతికి ఉన్నవాళ్ళ కాగితాల్లో ఏమైనా ఆనవాలు ఉంటుందా?

అక్క: బాగా ఉంటుంది. తొందరగా జరిగిన రెండో పెళ్ళి, హఠాత్తుగా వేరే ఇంట్లో కనిపించే పిల్లలు, ఒకే వారంలో రాసిన వీలునామాలు. 1793లో ఫిలడెల్ఫియాలో యెల్లో ఫీవర్ వచ్చింది. సుమారు యాభై వేల జనాభాలో ఐదువేలమంది దాకా పోయారు. డాలీ టాడ్ అనే యువతి భర్త, పసికొడుకు అక్టోబరులో ఒకే రోజు పోయారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఆ రెండో భర్త జేమ్స్ మాడిసన్, తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. ఆమె కాబట్టి అందరికీ తెలుసు. కానీ ఏ ఊరి పెళ్ళిళ్ళ పుస్తకంలోనైనా ఒక ఏడాది వితంతువుల, భార్యను పోగొట్టుకున్న మగవాళ్ళ పెళ్ళిళ్ళు గుంపుగా కనిపిస్తే, ముందటి ఏడాది మరణాల పుస్తకం తెరవాలి.

తమ్ముడు: ఫిలడెల్ఫియాలో పోయినవాళ్ళ పేర్ల జాబితా అచ్చయింది కదా?

అక్క: అచ్చయింది. మాథ్యూ కేరీ అదే ఏడాది రాసిన పుస్తకంలో మృతుల జాబితా చేర్చాడు. ఆ ఊరి వంశాల కోసం వెతికేవారికి అది పెద్ద పెన్నిధి. అదే పుస్తకంలో, రోగులకు సేవ చేసిన నల్లజాతివారిలో కొందరు డబ్బు గుంజారని, దొంగతనాలు చేశారని కూడా రాశాడు. నల్లవాళ్ళకు ఈ జ్వరం రాదని బెంజమిన్ రష్ అనే పేరున్న వైద్యుడు నమ్మాడు, అది తప్పు. ఆ మాట విని సేవకు వచ్చినవాళ్ళు కూడా పోయారు. ఆ ఊరి నల్లజాతి నాయకులు అబ్సలోం జోన్స్, రిచర్డ్ అలెన్ 1794లో జవాబుగా ఒక పుస్తకం ప్రచురించి, తమవాళ్ళు ఏం చేశారో, ఎలా పోయారో చెప్పారు. ఆ ఊరి వంశాలు వెతికేవారు ఆ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదవాలని నా అభిప్రాయం. జాబితా ఎవరు రాశారో, ఎవరిని ఎలా చూశారో తెలియకుండా జాబితాను నమ్మకూడదు.

తమ్ముడు: బానిసలు, కూలీలు, వలస వచ్చినవాళ్ళు, వీళ్ళ పేర్లు దొరకడమే కష్టం.

అక్క: చాలా కష్టం. 1847లో ఐర్లండ్ కరవు నుంచి పారిపోయి ఓడలెక్కినవాళ్ళలో వేలమంది టైఫస్‌తో పోయారు. కెనడాలో క్విబెక్ దగ్గర గ్రోస్ ఈల్ అనే చిన్న దీవిలో ఆ ఒక్క ఏడాదే ఐదువేలమందికి పైగా పూడ్చారు. పిల్లలు మిగిలిపోయారు. ఫ్రెంచి మాట్లాడే కుటుంబాలు ఎంతోమందిని పెంచుకున్నాయి. చాలామంది తమ ఐరిష్ ఇంటిపేర్లు అట్టే పెట్టుకున్నారు. అందుకే ఈ రోజుకీ క్విబెక్‌లో ఇంట్లో ఫ్రెంచి, పేరు ఐరిష్ అయిన కుటుంబాలు ఉన్నాయి. కొన్ని వంశాల్లో తల్లిదండ్రుల మరణానికి మిగిలిన ఆధారం ఆ ఇంటిపేరు ఒక్కటే.

తమ్ముడు: రిజిస్టర్లు పుట్టకముందు కాలం? 1348 నాటి ప్లేగు?

అక్క: ఆ కాలంలో పేర్లు భూమి కాగితాల్లో దొరుకుతాయి. ఇంగ్లండ్‌లో కౌలుదారు పోతే జమీందారీ న్యాయసభ పుస్తకంలో రాసేవారు, భూమి ఎవరికి వెళ్ళాలో తేల్చాలి కాబట్టి. 1349 పుటల్లో ఒక సభలోనే వరసగా పేర్లు, వారసుడి పేరు, కొన్నిచోట్ల వారసుడు కూడా లేడని. చర్చి పెద్దలు పోయిన చోట కొత్తవారిని నియమించిన పత్రాలు ఇంకో దారి. ఇక ఐర్లండ్‌లో కిల్కెన్నీలో జాన్ క్లిన్ అనే సన్యాసి ఉండేవాడు. చుట్టూ అందరూ పోతుంటే చూసినదంతా రాస్తూ వచ్చాడు. ఎవరైనా బతికి ఉంటే కొనసాగించడానికని కొంత తోలు కాగితం వదిలిపెడుతున్నానని రాశాడు. కొద్ది మాటల తర్వాత వేరే చేతిరాత వస్తుంది. "రచయిత ఇక్కడ మరణించినట్టున్నాడు" అని.

తమ్ముడు: అంటే రాసే చెయ్యే ఆగిపోయింది.

అక్క: రిజిస్టరులో కొన్ని నెలలు ఖాళీగా ఉంటే, ఆ నెలల్లో ఎవరూ పోలేదనుకోవద్దు. రాయలేనంతమంది పోయి ఉండవచ్చు. రాసేవాడే పోయి ఉండవచ్చు. ఖాళీ తర్వాత చేతిరాత మారిందా అని చూడండి.

తమ్ముడు: ఇక మన శ్రోత దగ్గరికి వద్దాం. 1918.

అక్క: 1918 అనగానే ప్రతి మరణాన్నీ ఇన్‌ఫ్లుయెంజాకు కట్టబెట్టడం నేనూ చేశాను. ఒక కుటుంబానికి చెట్టు గీసి ఇస్తూ, అక్టోబరులో పోయిన ఇరవై ఆరేళ్ళ యువకుడి పక్కన ఆ మాట రాశాను. వయసు సరిపోయింది, నెల సరిపోయింది. ఆ తర్వాత అసలు మరణ పత్రం తెప్పిస్తే పని చేసేచోట జరిగిన ప్రమాదం అని ఉంది. ఆయన మనవరాలికి ఫోను చేసి చెప్పాల్సి వచ్చింది. అప్పటి నుంచి పత్రం చూడకుండా కారణం రాయను.

తమ్ముడు: వయసు సరిపోయింది అన్నావు. ఆ జబ్బుకు ఒక వయసు ఉందా?

అక్క: మామూలు ఇన్‌ఫ్లుయెంజా పసిపిల్లలను, ముసలివాళ్ళను తీసుకుపోతుంది. 1918లో వాళ్ళతో పాటు ఇరవై, నలభై ఏళ్ళ మధ్యవాళ్ళు కూడా విపరీతంగా పోయారు. అలాస్కాలో బ్రెవిగ్ మిషన్ అనే చోట నవంబరులో ఐదు రోజుల్లో ఎనభై మంది పెద్దవాళ్ళలో డెబ్బై రెండుమంది పోయారు. పత్రాల్లో చాలాసార్లు న్యుమోనియా అని ఉంటుంది, చివరి దెబ్బ అదే కాబట్టి. భారతదేశంలో గ్రామ కాపలాదార్లు చెప్పిన మరణాలు ఎక్కువభాగం "జ్వరాలు" అనే ఒకే పద్దులో పడ్డాయి. ఎంతమంది అన్నది 1921 జనాభా లెక్కలో బయటపడింది. దశాబ్దంలో దేశ జనాభా తగ్గినట్టు తేలిన జనాభా లెక్క అదొక్కటే.

తమ్ముడు: ఆమె పంపిన తేదీలు చదువుతాను. భర్త, ఫిబ్రవరి 9. భార్య, నవంబరు 2. కూతురు, నవంబరు 6.

అక్క: చూశావా? మూడూ ఒకే ఏడాది, కానీ మూడూ ఒకే కథ కాదు. ఆ మహమ్మారి వసంతంలో బయటపడి, ప్రాణాలు ఎక్కువగా తీసింది సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా. ఫిబ్రవరిలో పోయిన భర్త మరణానికి నేను వేరే కారణం వెతుకుతాను. యుద్ధం కూడా నడుస్తున్న ఏడాది అది. తల్లీ కూతుళ్ళు నాలుగు రోజుల తేడాతో నవంబరులో పోయారు. అది బలమైన అనుమానం. అమ్మా, మీరు వింటున్నారు కదా, చెట్టులో పెన్సిలుతో "బహుశా" అని రాసుకోండి. తర్వాత ఆ ఊరి నవంబరు పుటలన్నీ తెప్పించి, అంతకు ముందు ఐదేళ్ళ నవంబరులతో పోల్చండి. ఆ వారంలో ఆ వయసు స్త్రీలు, పిల్లలు ఎంతమంది ఉన్నారో చూడండి.

తమ్ముడు: పత్రంలో కారణం చెరిగిపోయి ఉంటే?

అక్క: ఉన్నా సరే తెప్పించండి. చాలా దేశాల మరణ నమోదులో ఒక గడి ఉంటుంది, ఈ మరణం గురించి కబురు ఇచ్చినది ఎవరు అని. సంతకమో, వేలిముద్రో, పక్కన బంధుత్వమో. భర్త ఫిబ్రవరిలోనే పోయాడు. నవంబరులో తల్లి పోయింది, నాలుగు రోజులకు బిడ్డ. ఆ వారంలో ఎవరో ఒకరు రెండుసార్లు ఆ కార్యాలయానికి నడిచి వెళ్ళి రెండు పేర్లు చెప్పి వచ్చారు. ఆ నాలుగు రోజులు తల్లి లేని ఆ రెండేళ్ళ పాపను ఎత్తుకున్నదీ బహుశా ఆ మనిషే. ఆ గడిలో పేరు చూడండి. మీ చెట్టులో ఉన్న పేరే కావచ్చు, మీ ముత్తాతదే కావచ్చు.

తమ్ముడు: చూశాక మాకు మళ్ళీ రాయండి.